గోలు కొట్టినవాడి వెనక

మా అమలాపురం వైపు ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లొచ్చినవాణ్ణి అడగండి, గోలెవరు కొట్టారో చెబుతాడు. బంతి అక్కడిదాకా ఎవరు చేర్చారో చెప్పడు. హైదరాబాదు నూర్ మహమ్మద్‌గారిని మనం మరిచింది అందుకేనేమో!

ఆయన హాఫ్ బ్యాక్. ఎదుటివాళ్ల కాళ్లలోంచి బంతి లాగాలి, మనవాళ్లకి అందించాలి, మళ్లీ వెనక్కి పరిగెత్తాలి. చాకిరీ ఈయనది, చప్పట్లు ఇంకొకరివి.

బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఎగరేసుకుపోయిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులోని మనిషాయన. వాళ్ల కోచి రహీంగారు వృత్తికి బడిపంతులు. ఇద్దరూ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లారు. మనవాళ్లలో చాలామంది ఉత్తికాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా 10–1తో చావగొట్టింది.

1956లో మెల్‌బోర్న్. మళ్లీ ఆ ఇద్దరూ ఉన్నారు. ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరాం. ఆసియా జట్టుకి అదే మొదటిసారి. మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరు క్విజ్‌లలో అడుగుతారు. అడగాల్సిందే! కెంపయ్యతో కలిసి మైదానం నడుమ కాపలా కాసిన నూర్‌ని మాత్రం ఎవరూ అడగగా నేను వినలేదు.

సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే. ముందు గోలు మనదే, ఓటమి 4–1. మూడో స్థానం బల్గేరియా పట్టుకుపోయింది. మనకి నాలుగోది దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆ మెట్టు మనం మళ్లీ ఎక్కలేదు.