కుళ్లిన గుడ్ల వాసన: హైడ్రోజన్ సల్ఫైడ్ చరిత్ర, సచిన్ దుర్ఘటన నేర్పే పాఠాలు

(జీఎస్-1 చరిత్ర, జీఎస్-3 విపత్తు నిర్వహణ, పర్యావరణం, ఎస్సే పేపర్. గ్రూప్-1 రాసేవాళ్లకూ పనికొస్తుంది.)

పారిశ్రామిక ప్రమాదాల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది భోపాల్‌తో మొదలుపెట్టి విశాఖతో ముగిస్తాం. రెండూ రాయాల్సినవే. అయితే రెండింటిలోనూ విషం బయటికి వచ్చింది ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి. ఫ్యాక్టరీకి చిరునామా ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, కేసు పెట్టడానికి యజమాని ఉంటాడు. రోడ్డు పక్క మురుగు కాలువలోంచి విషవాయువు లేస్తే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ నేనుండే సూరత్‌లోనే ఉంది.

సచిన్, 2022 జనవరి 6

అమ్రోలి తాపీ నదికి ఉత్తరాన ఉంటే, సచిన్ నగరానికి దక్షిణపు చివర ఉంటుంది. అక్కడి జీఐడీసీ పారిశ్రామిక వాడలో డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు ఎక్కువ. ఆ రోజు తెల్లవారకముందే ఒక ట్యాంకర్ కాలువ పక్కన ఆగింది. అందులోని రసాయన వ్యర్థాన్ని పైపుతో అక్రమంగా కాలువలోకి వదులుతుండగా విషవాయువు పుట్టింది. పక్కనే ఉన్న మిల్లు కార్మికులు ఆరుగురు చనిపోయారు. 20 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది.

ట్యాంకర్‌లో వచ్చింది సోడియం హైడ్రోసల్ఫైడ్ ఉన్న వ్యర్థమని దర్యాప్తులో బయటపడింది. ఈ పదార్థానికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుంది. చనిపోయిన కార్మికులకు ఆ ట్యాంకర్‌తో గానీ, ఆ వ్యర్థాన్ని పుట్టించిన పరిశ్రమతో గానీ సంబంధం లేదు. తమ పని తాము చేసుకుంటున్నవాళ్లు వాళ్లు.

ప్రిలిమ్స్ కోసం ఒక జాగ్రత్త. సోడియం హైడ్రోసల్ఫైడ్ వేరు, సోడియం హైడ్రోసల్ఫైట్ వేరు. అద్దకంలో 'హైడ్రో' అని పిలిచేది రెండోదాన్ని. అది విచ్ఛిన్నమైతే ముఖ్యంగా సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. పేర్లలో తేడా ఒక్క అక్షరమే, ప్రమాదం మాత్రం వేరు. డ్రమ్ము మీద లేబుల్ సరిగా ఉండాలని నిబంధనలు పట్టుబట్టేది ఇందుకే.

మనకు తెలిసిన వాయువే

ఇంటర్ ఎంపీసీ, బైపీసీ చదివినవాళ్లకు ఈ వాయువు పరిచయమే. సాల్ట్ అనాలిసిస్‌లో రెండో గ్రూపు లోహాలైన రాగి, సీసం వంటివాటిని ఆమ్ల మాధ్యమంలోనూ, నాలుగో గ్రూపులోని జింక్, మాంగనీసు, నికెల్ వంటివాటిని క్షార మాధ్యమంలోనూ సల్ఫైడ్‌లుగా అవక్షేపించడానికి వాడేది దీన్నే. ఐరన్ సల్ఫైడ్ ముక్కల మీద సజల ఆమ్లం పడితే వాయువు వస్తుంది. కావలసినప్పుడు తెరిచి, వద్దనుకున్నప్పుడు ఆపే గాజు పరికరాన్ని డచ్ రసాయన శాస్త్రవేత్త పెట్రస్ యాకోబస్ కిప్ 1844 ప్రాంతంలో రూపొందించాడు. అదే కిప్ ఉపకరణం. కుళాయి మూసేస్తే లోపల పెరిగిన వాయు పీడనం ఆమ్లాన్ని ఐరన్ సల్ఫైడ్ నుంచి దూరంగా నెట్టేస్తుంది, చర్య ఆగిపోతుంది.

సచిన్ కాలువలో జరిగిందీ స్థూలంగా ఇదే: సల్ఫైడ్ జాతి పదార్థానికి ఆమ్లం తగలడం. ల్యాబ్‌లో పదార్థం గ్రాముల్లో ఉంటుంది, కుళాయి ఉంటుంది, ఫ్యూమ్ హుడ్ ఉంటుంది. కాలువలో ట్యాంకర్ల కొద్దీ పదార్థం ఉంది, ఆపే కుళాయి లేదు.

చరిత్రలో ఈ వాయువు

ఈ వాయువుకు పేరు పెట్టకముందే దాని దెబ్బను ఒక వైద్యుడు గుర్తించాడు. ఇటలీకి చెందిన బెర్నార్డినో రామజ్జిని 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం ప్రచురించాడు. వృత్తి వైద్యానికి ఆయన్ను పితామహుడిగా చెబుతారు. మరుగుగుంటలు శుభ్రం చేసేవాళ్ల కళ్లు ఎర్రబడి మండడం, కొందరికి చూపు దెబ్బతినడం ఆయన గమనించాడు. మలినాన్ని కదిపినప్పుడు లేచే ఏదో ఆవిరి కళ్లను పాడుచేస్తోందని, వెండి, రాగి వస్తువులను నల్లబరుస్తోందని రాశాడు. లోహాలు నల్లబడటం సల్ఫైడ్ లక్షణమని ఇప్పుడు మనకు తెలుసు. అంటే ఈ వాయువు గురించిన తొలి వైద్య పరిశీలన పారిశుద్ధ్య కార్మికుల శరీరాల మీదే జరిగింది.

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే 1777లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేసి గుణాలు వివరించాడు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బ్రిటన్ దీన్ని రసాయనాయుధంగా కొద్దిసార్లు వాడింది. తర్వాత చమురు, సహజవాయు పరిశ్రమలు పెరగడంతో ప్రమాదం పెద్దదైంది. 1950 నవంబరులో మెక్సికోలోని పోజా రికాలో సహజవాయువు నుంచి గంధకాన్ని వేరుచేసే ప్లాంటు లోపంతో ఈ వాయువు వెలువడి 22 మంది మరణించారు. 2003 డిసెంబరులో చైనాలోని చోంగ్‌చింగ్ ప్రాంతంలో వాయుబావి పేలి 243 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల వాళ్లే.

ముక్కును ఎందుకు నమ్మకూడదు?

హైడ్రోజన్ సల్ఫైడ్ కణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. సయనైడ్ పనిచేసే తీరు కూడా దాదాపు ఇదే. గాలిలో దీని మోతాదును బట్టి ప్రభావం ఇలా ఉంటుంది.

- 1 పీపీఎం కంటే చాలా తక్కువలోనే కుళ్లిన గుడ్ల వాసన తెలుస్తుంది.
- 10 పీపీఎం: 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు 8 గంటల పనికి పెట్టిన సగటు పరిమితి. 15 నిమిషాల స్వల్ప వ్యవధికి 15 పీపీఎం.
- 100 పీపీఎం: కొన్ని నిమిషాల్లోనే వాసన తెలియడం ఆగిపోతుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదకర స్థాయిగా అమెరికా సంస్థ నియోష్ దీన్నే తీసుకుంది.
- 500 నుంచి 700 పీపీఎం: నిమిషాల్లో కుప్పకూలడం, గంటలోపు మరణం.
- 1000 పీపీఎం దాటితే ఒకటి రెండు శ్వాసలకే స్పృహ పోతుంది.

మూడో అంశం అన్నిటికంటే ముఖ్యం. 'వాసన పోయింది, ఇక ఫర్వాలేదు' అనుకునే క్షణమే అసలు ప్రమాదం. పైగా ఈ వాయువు గాలి కంటే దాదాపు 1.2 రెట్లు బరువు. పల్లంలో, గుంటలో, మ్యాన్‌హోల్‌లో, కాలువ వెంట నిలిచిపోతుంది. నేలకు దగ్గరగా ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. సుమారు 4 శాతం దాటితే మండే గుణం కూడా ఉంది.

జాగ్రత్తలు వీటి నుంచే వస్తాయి. ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. సల్ఫైడ్ వ్యర్థాన్ని, ఆమ్ల వ్యర్థాన్ని ఒకే డబ్బాలో పోయకూడదు, సింకులో అసలే పోయకూడదు. పని చోట్ల గాలిని కొలిచే డిటెక్టరు ఉండాలి. గుంటలోకి దిగేముందు గాలి పరీక్షించాలి, దిగేవాడి నడుముకు తాడు, పైన మనిషి ఉండాలి. మామూలు గుడ్డ మాస్కు ఈ వాయువును ఆపదు. ఎవరైనా పడిపోతే శ్వాస పరికరం లేకుండా కాపాడటానికి దిగకూడదు. సెప్టిక్ ట్యాంకు మరణాల వార్తల్లో ఒకరి వెనక ఒకరు చనిపోవడం తరచూ చదువుతాం. మొదట దిగినవాణ్ని బయటికి లాగాలని అన్న దిగుతాడు, అన్న కోసం మరొకడు దిగుతాడు.

చట్టం ఎంత దూరం వచ్చింది?

1948 ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ ప్రమాదకర వాయువులున్న గదులు, ట్యాంకులు, గుంటల గురించే ఉండేది. తగిన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదా లోపలికి వెళ్లేవాడికి శ్వాస పరికరం, బెల్టు, బయట పట్టుకునే తాడు ఉండాలని అది చెప్పేది.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వెలువడింది. ఏడాది తిరగగానే, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం లీకైంది. ఆ కేసులో, అంటే ఎం.సి. మెహతా కేసులో, 1986 డిసెంబరులో జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది. ఇంగ్లండులో 1868 నాటి రైలాండ్స్ కేసు ఇచ్చిన కఠిన బాధ్యతకు మినహాయింపులు ఉన్నాయి, మన సూత్రానికి లేవు. భోపాల్ తర్వాత వరసగా 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 4-ఎ అధ్యాయం, 1989 ప్రమాదకర రసాయనాల నియమాలు, 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం, 2010 హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాలను ఒకచోటికి చేర్చింది.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వెలువడి 12 మంది చనిపోయినప్పుడు, మర్నాడే ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు జమచేయమనగలిగింది. ట్యాంకు ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి అది సాధ్యమైంది.

వ్యర్థం రోడ్డెక్కితే పరిస్థితి మారుతుంది. అందుకే 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో మానిఫెస్టు విధానం ఉంది. ఫారం 10, ఏడు ప్రతులు, ఒక్కో ప్రతికి ఒక్కో రంగు. పంపినవాడు, మోసినవాడు, తీసుకున్నవాడు, కాలుష్య నియంత్రణ మండలి అందరి దగ్గరా ఒక ప్రతి ఉండాలి. డ్రైవర్ దగ్గర ప్రమాద సమయంలో ఏం చేయాలో చెప్పే ట్రెమ్ కార్డు ఉండాలి. ఈ కాగితాలు నిజంగా నడిస్తే, బయలుదేరిన ప్రతి లీటరూ ఎక్కడో చేరినట్టు లెక్క తేలాలి. సచిన్‌లో ట్యాంకర్ చేరింది కాలువకు. వ్యర్థాన్ని శుద్ధి చేయించడానికి డబ్బు ఖర్చవుతుంది, రాత్రిపూట కాలువలో వదలడానికి దాదాపు ఏమీ కాదు. ఈ తేడా ఉన్నంతకాలం కాగితం ఒక్కటే ట్యాంకర్‌ను ఆపలేదు.

ఇంకో కొస కూడా చూడాలి. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం 7వ సెక్షన్ మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. 2014 సఫాయి కర్మచారీ ఆందోళన్ తీర్పు 1993 నుంచి జరిగిన మురుగు మరణాలకు 10 లక్షల పరిహారం అన్నది. 2023 అక్టోబరులో బల్‌రాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, కానీ దిగడం ఆగలేదు. రామజ్జిని 1700లో చూసిన మనిషి ఇప్పటికీ అదే గుంటలో ఉన్నాడు.

పరిపాలన పాఠం

సూరత్‌కు ఒకసారి తనను తాను సరిదిద్దుకున్న అనుభవం ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని జోన్లుగా చూసి అధికారాలు కిందికి పంచారు, అధికారులందర్నీ రోజూ వీధుల్లోకి పంపారు. కొద్దికాలంలోనే సూరత్ దేశంలో పరిశుభ్ర నగరాల వరసలోకి వచ్చింది. అప్పటికే ఉన్న చట్టాలతో, ఉన్న సిబ్బందితోనే చాలావరకు జరిగిన పని అది.

కాలువల విషయంలోనూ దారి అదే. పారిశ్రామిక వాడల్లో రాత్రి గస్తీ, ట్యాంకర్లకు జీపీఎస్, మానిఫెస్టును ఆన్‌లైన్‌లో సరిపోల్చడం, కాలువల దగ్గర వాయు డిటెక్టర్లు, చిన్న పరిశ్రమలకు అందుబాటు ధరలో ఉమ్మడి శుద్ధి కేంద్రాలు, కార్మికులకు వాళ్ల భాషలో హెచ్చరికలు. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. ఈ నగరంలో మగ్గాల మీద, మిల్లుల్లో ఒడియా, హిందీ, మరాఠీ, తెలుగు మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. బడిలో సాధ్యమైనది కాలువ పక్క బోర్డు మీద సాధ్యం కాదా?

ఇంటర్ విద్యార్థి పది నిమిషాల ప్రయోగానికి ఫ్యూమ్ హుడ్ ఉండాలని మనం ఒప్పుకున్నాం. అదే వాయువు మధ్య బతికే కార్మికుడికి ఏం ఉండాలో కూడా చట్టంలో రాసుకున్నాం. రేపు జిల్లా అధికారిగానో, కాలుష్య మండలిలోనో కూర్చునే వాళ్లు మనలో కొందరు ఉంటారు. ఆ రాసుకున్నది తెల్లవారుజామున 4 గంటలకు కూడా అమలవుతోందా అని చూడటం అప్పుడు వాళ్ల పని.

సాధన ప్రశ్న (250 పదాలు): 'భారతదేశంలో రసాయన ప్రమాదాల చట్టాలు ఫ్యాక్టరీ గోడల లోపల బలంగా, గోడల బయట బలహీనంగా ఉన్నాయి.' విశాఖ (2020), సచిన్ (2022) ఘటనల ఆధారంగా విశ్లేషించండి. మీ సమాధానంలో సంపూర్ణ బాధ్యత, మానిఫెస్టు విధానం, 2013 చట్టం 7వ సెక్షన్ మూడూ ఉండేలా చూసుకోండి.