విశ్వకాల గడియారములు

రైలుబండి పుట్టకపూర్వము ప్రతి నగరమునకును తన నడినెత్తి సూర్యుడే ప్రమాణము. 1884 అక్టోబరులో వాషింగ్టనునందు 25 దేశముల ప్రతినిధులు సమావేశమై, గ్రీనిచ్ మీదుగా పోవు రేఖాంశమును మూలరేఖగా నిర్ణయించిన పిమ్మట, భూగోళమును గంటకొక్కటి చొప్పున 24 ఖండములుగా విభజింపవచ్చునను భావము క్రమక్రమముగా దేశదేశములందు ఆచరణలోనికి వచ్చెను. ఆ 24 ఖండములను మొదట జేబు గడియారమునందును, పిదప మణికట్టుపైనను ఇమిడ్చిన ఘనత జెనీవా చెంతనున్న కరూజ్ పట్టణవాసి లూయీ కోటియేది.

ఆతని తండ్రియు గడియారముల పనివాడే. భార్య నడుపు పుస్తకముల అంగడి వెనుక గదిలో కూర్చుండి కోటియే 1931లో రూపొందించిన పద్ధతి చూచుటకు అతి సరళము. నడుమ మామూలు గంటల ముల్లు, నిమిషముల ముల్లు స్థానిక కాలమును తెలుపుచుండును. వాని చుట్టును 24 అంకెల వలయమొకటి, పగటి భాగము తెలుపుగను రాత్రి భాగము నలుపుగను, ముళ్లకు ఎదురు దిశలో దినమున కొక్కమారు తిరుగును. దానికి వెలుపల నగరముల పేర్లు. మన యూరి పేరును పన్నెండింటి స్థానమునకు తెచ్చితిమా, మిగిలిన పేర్లన్నిటి యెదుట వాని వాని గంట కనబడును. లెక్క వేయనక్కర లేదు.

వాషెరాన్ కాన్‌స్టాంటిన్, పాటెక్ ఫిలిప్ మున్నగు ప్రసిద్ధ సంస్థలు ఈ శిల్పికి పని నొసగినవి. పాటెక్ వారి 1415 నమూనాలో పేర్లు అంచుపై చెక్కియుండగా దానిని వ్రేళ్లతో త్రిప్పవలసి యుండెను. 1953లో వచ్చిన 2523 నమూనాలో ఎడమ ప్రక్క రెండవ కీ యమర్చిరి. కొన్నింటి నడుమ భూఖండముల పటమును రంగురంగుల మీనాపనితో తీర్చిరి. తన కాలమున ఈ 2523 చాల కొలదిగా అమ్ముడుపోయెను. అట్టిదే యొకటి 2019లో హాంకాంగు వేలమున ఏడు కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికినది! సేకర్తల అభిరుచికి నాటి నిరాదరణమే నేటి అలంకారము.

అయితే ఈ సుందర వలయమున మనకు చోటు చిక్కదు. భారతదేశపు కాలము గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందు. దానికి మూలమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. 1906లో ఈ కాలము అమలునకు వచ్చినను బొంబాయి నగరము 39 నిమిషములు వెనుకబడిన తన సొంత కాలమును 1955 వరకు విడువలేదు. గంటల విభాగమును గీచినవారు మనుష్యుల పట్టుదలను లెక్కించినట్లు లేదు. నేటి పాటెక్ వలయములలో కరాచీ, ఢాకా పేర్లు ప్రక్కప్రక్కన నుండును. నడుమ మన ఊరేదియు లేదు. అట్టి గడియారము ధరించిన తెలుగువాడు పరదేశమునుండి ఇంటి కాలము తెలియగోరినచో, కరాచీ యెదుటి గంటను చూచి, దానికి అరగంట కలుపుకొనవలసినదే. ఈ లోపమును సవరించుచు వాషెరాన్ వారు 2011లో అరగంటల, పావుగంటల తేడాలతో సహా 37 కాలములను చూపు గడియారమును వెలువరించిరి. దాని ముఖము కొంత కిక్కిరిసియున్న మాట నిజమే. నాకు మాత్రము మీనా పటముకంటె ఆ కిక్కిరిసిన ముఖమే మిన్నగా తోచును.