ఉడకబెట్టిన వేరుశెనగకాయలు

వేరుశెనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1500 తర్వాత ఓడలెక్కి ఆసియాకు చేరింది. రాయలసీమ ఎర్రనేలల్లో స్థిరపడింది. అనంతపురంలో బుడ్డలన్నారు, తెలంగాణలో పల్లీలన్నారు.

పెరికిన పచ్చికాయలను మన్ను పోయేలా కడగండి. మునిగేటన్ని నీళ్లు, ఉప్పు, పసుపు, ఎండుమిరపకాయలు వేసి గింజ మెత్తబడేదాకా ఉడికించండి. దించాక ఆ ఉప్పునీళ్లలోనే కాసేపు ఉంచితే రుచి లోపలికి పడుతుంది.

అయితే ఒక్క మాట. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోయాయి. మేతలో కలిపిన వేరుశెనగ పిండికి బూజు పట్టడమే కారణమని తేలింది. ఆ బూజు విషమే అఫ్లాటాక్సిన్. ఇది మామూలుగా ఉడకబెడితే పోదు. కనుక బూజుకాయ, పుచ్చుకాయ ముందే ఏరి పారవేయండి. పిల్లలకే కాదు, గొడ్లకూ పెట్టవద్దు. దాచే కాయను బాగా ఎండబెట్టండి.