పందుల ఆరోగ్య పర్యవేక్షణలో లాలాజల పరీక్ష

పందుల మందలోకి రోగం ప్రవేశించిన సంగతి రైతుకు సాధారణంగా ఆలస్యంగానే తెలుస్తుంది. ఒక పంది మేత మానేసి మూలన పడుకునేనాటికి దాని పక్కనున్న వాటికీ రోగం సోకి ఉంటుంది. లక్షణాలు బయటపడకముందే మంద స్థితిని తెలుసుకోవడానికి తోడ్పడే పద్ధతులలో లాలాజల పరీక్ష ఒకటి. పందుల చేత నూలుతాడును నమిలించి, తాడు పీల్చుకున్న ద్రవాన్ని పిండి ప్రయోగశాలకు పంపడమే ఈ పద్ధతి.

నేపథ్యం

చాలాకాలం మంద పరీక్షకు రక్తమే ప్రధాన ఆధారంగా ఉండేది. రక్తం తీయాలంటే పంది పై దవడకు ఉచ్చు బిగించి, కదలకుండా పట్టి, మెడలోని సిరలోకి సూది గుచ్చాలి. ఇందుకు శిక్షణ పొందిన మనుషులు కావాలి. పంది బెదురుతుంది, ఖర్చూ ఎక్కువ. అందువల్ల రైతులు తరచుగా పరీక్ష చేయించేవారు కారు.

అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో జెఫ్రీ జిమ్మర్‌మన్, జాన్ ప్రికెట్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధనలతో తాడు పద్ధతి వాడుకలోకి వచ్చింది. వారు ప్రధానంగా దృష్టి పెట్టిన రోగం పి.ఆర్.ఆర్.ఎస్. ఇది చూలు పందులలో గర్భస్రావాలను, పిల్లలలో శ్వాసకోశ వ్యాధిని కలిగించే వైరస్ రోగం. 1980ల చివర అమెరికాలో గుర్తించబడిన ఈ రోగపు వైరస్‌ను 1991లో నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్‌లో వేరుచేశారు. మన దేశంలో ఇది 2013లో మిజోరాంలో బయటపడింది.

ద్రవంలో ఏముంటుంది?

తాడుకు అంటేది కేవలం లాలాజలం కాదు. చిగుళ్ళ నుండి, నోటి లోపలి పొరల నుండి ఊరే రక్తసంబంధమైన ద్రవం కూడా అందులో కలిసి ఉంటుంది. అందుచేతనే రక్తంలోని ప్రతిరక్షకాలు తక్కువ మోతాదులో ఇందులోనూ కనిపిస్తాయి. పి.సి.ఆర్. పరీక్ష ద్వారా వైరస్ జన్యుపదార్థాన్ని, ఎలీసా పరీక్ష ద్వారా ప్రతిరక్షకాలను కనుగొంటారు. మొదటిది రోగకారకం ఇప్పుడు మందలో ఉన్నదా అని చెబుతుంది; రెండవది మంద ఇదివరకే దాని బారిన పడినదా, లేక టీకా పొందినదా అని సూచిస్తుంది. పి.ఆర్.ఆర్.ఎస్.తో పాటు సర్కోవైరస్, ఇన్‌ఫ్లుయెంజా వంటి వాటికి కూడా ఈ ద్రవాన్ని పరీక్షిస్తారు.

సేకరణ విధానం

రంగు వేయని స్వచ్ఛమైన నూలుతాడును వాడాలి. చిన్న పందులకు సుమారు అర అంగుళం మందం చాలు. పెద్దవాటికి కొంచెం లావుపాటిది అవసరం. గదిలో మేత తొట్టికీ నీటి గొట్టానికీ దూరంగా, పంది భుజం ఎత్తున చివర ఉండేటట్లు తాడును వేలాడదీయాలి. సుమారు 25 పందులున్న గదికి ఒక తాడు సరిపోతుంది. పందులు చురుకుగా ఉండే ఉదయం వేళ ఇందుకు అనుకూలం. కొత్త వస్తువును నోట పెట్టి చూడడం పంది స్వభావం గనుక బలవంతం అవసరం లేదు.

20 నుండి 30 నిమిషాల తరువాత తడిసిన కొసను శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, సంచి పైనుండే గట్టిగా పిండాలి. సంచి మూలను కత్తిరించి ద్రవాన్ని గొట్టంలోకి వంచి, మూత పెట్టి, గది సంఖ్య, తేదీ రాయాలి. వెంటనే చల్లబరచి మంచుగడ్డలతో ప్రయోగశాలకు పంపాలి. ఎండలో నిలవ ఉంచితే వైరస్ జన్యుపదార్థం క్షీణించి, రోగం ఉన్నా లేదన్న ఫలితం రావచ్చు. ఒక గదిలో వాడిన తాడునూ చేతితొడుగులనూ మరొక గదిలో వాడరాదు.

పరిమితులు

ఈ పరీక్ష గదిని గూర్చి చెబుతుంది గాని, ఫలానా పందిని గూర్చి చెప్పదు. రోగం ఉన్నదని తేలితే ఏ పందికి ఉన్నదో తెలుసుకోవడానికి మళ్ళీ రక్తం తీయవలసిందే. గదిలో ఒకే ఒక పందికి రోగం సోకి ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాటి ద్రవంలో కలిసి ఆ జాడ పలచబడిపోవచ్చు. జ్వరంతో పడుకున్న పంది తాడు దగ్గరకే రాకపోవచ్చు. కాబట్టి ఒక్కసారి "లేదు" అని వచ్చిన ఫలితం మందకు రోగం లేదనడానికి రుజువు కాదు. అవే గదులలో క్రమం తప్పకుండా, రెండు మూడు వారాలకొకసారి, పరీక్షిస్తూ పోవడంలోనే ఈ పద్ధతి బలమంతా ఉన్నది. వరుస ఫలితాలలో కనబడే మార్పే రైతుకు ముందస్తు హెచ్చరిక.

ఆకస్మిక మరణాలు సంభవిస్తే

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదటిసారిగా 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో నిర్ధారణ అయినది. 2022లో కేరళలోని వయనాడ్ జిల్లాలో బయటపడింది; ఆ జిల్లా కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉన్నది. మనుషులకు సోకని ఈ రోగం పందులలో మాత్రం అధిక మరణాలకు కారణమవుతుంది; దీనికి చికిత్స లేదు. దీని వైరస్ జాడ నోటి ద్రవంలోనూ దొరకవచ్చు. అయితే తీవ్రమైన జ్వరం, చర్మంపై ఎర్రని మచ్చలు, వరుస మరణాలు కనబడినప్పుడు తాడు పరీక్షకై వేచి ఉండరాదు. ఆ స్థితిలో నిర్ధారణకు రక్తం, చనిపోయిన పంది ప్లీహం వంటి నమూనాలే ప్రధానం. వాటిని పశువైద్యులే తీయాలి.

ఇటువంటి రోగాలను వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయడం 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం యజమాని బాధ్యత. నష్టం కొంతైనా తప్పించుకోవాలని జబ్బుపడిన పందులను సంతకు తోలడం, మాంసానికి అమ్మడం వల్ల ఒక దొడ్డిలోని రోగం పది ఊళ్ళకు పాకుతుంది. తాడు పరీక్ష ప్రయోజనం కూడా ఇక్కడే తెలుస్తుంది. ముందుగా తెలిసిన రైతు కొత్త పందులను కొనడం, ఉన్నవాటిని తరలించడం ఆపగలుగుతాడు. ఆలస్యంగా తెలిసినవానికి ఆ అవకాశం మిగలదు.