ప్రసాదము – ఔషధము : నాంపల్లి మృగశిర చరిత్ర



రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ ఎండల పిదప మృగశిర ప్రవేశించినంతనే ఆకాశమున మబ్బు తోచును, నేల చల్లబడును, రైతు నాగలి సవరించుకొనును. తెలంగాణ పల్లెలలో ఈ దినమును ‘మిరుగు’ అందురు. ఆనాడు చేపలు తినువారు చేపలను, తినని వారు ఇంగువ కలిపిన బెల్లమును సేవించుట ఆచారము. అందరికీ సంతోషము నిచ్చు ఆ తొలకరియే ఉబ్బసరోగికి భయమును తెచ్చును. చల్లగాలి తగిలినంతనే ఎగఊపిరి మొదలగును. పడుకొనలేడు, మాటలాడలేడు. తలగడను ఒడిలో పెట్టుకొని తెల్లవారు వరకు కూర్చుండును.

అట్టివారు ప్రతి ఏట మృగశిర నాటికి దేశము నలుమూలల నుండి వచ్చి, నాంపల్లి స్టేషనులో దిగి, ఎగ్జిబిషను మైదానమునకు నడచి పోవు దృశ్యమును మనలో పలువురము చూచియున్నాము. ఈనాడు ఆ చేప ప్రసాదము చరిత్రను, దానితో పాటు అబిడ్స్, నాంపల్లి ప్రాంతములతో ముడిపడిన కొన్ని వైద్యముల చరిత్రను మీకు మనవి చేయుదును. దీర్ఘరోగముతో బాధపడువారు, వారిని చూచుకొను కుటుంబములు ఈ చరిత్ర నుండి గ్రహించవలసిన మాట ఒకటి ఉన్నది. అది ప్రాణములతో ముడిపడిన మాట.

బత్తిని వారి వ్రతము

బత్తిని వారి కుటుంబము చెప్పు వృత్తాంతము ఇది. 1845వ సంవత్సరమున, పాతబస్తీలో నివసించు బత్తిని వీరన్న గౌడు, వానలో తడిసిన ఒక సాధువునకు ఆశ్రయ మిచ్చి సేవ చేసినాడు. ఆ సాధువు సంతసించి, ఉబ్బసమునకు ఒక మూలికా యోగమును ఉపదేశించినాడు. దానికి ఒక నియమమును కూడ విధించినాడు: దీనిని అమ్మరాదు, ఎవరి వద్దను పైకము పుచ్చుకొనరాదు. ఈ కథకు ఆధారము ఆ కుటుంబము వారి మాటయే. కాని తరములు మారినను వారు ఉచితముగా ఇచ్చుట మానలేదన్నది జనులందరు కన్నులార చూచిన సత్యము.

పద్ధతి కూడ విచిత్రమైనది. బ్రతికియున్న చిన్న కొరమీను పిల్ల నోటిలో పసుపుపచ్చని మూలికల ముద్ద నుంచి, ఆ చేపను రోగి గొంతులో వేయుదురు. రోగి దానిని నమలక మ్రింగవలెను. అది కదలుచు లోనికి పోవునపుడు కఫమును త్రోసివేయునని నమ్మకము. చేప ముట్టని వారికి ఆ ముద్దనే బెల్లముతో కలిపి ఇత్తురు. వరుసగా మూడు సంవత్సరములు సేవించవలెననియు, 45 దినములు పథ్యము చేయవలెననియు నియమము.

మొదట ఈ పంపిణీ పాతబస్తీలోని దూద్‌బౌలిలో వారి యింటి యొద్దనే జరుగుచుండెడిది. ఇరుకు వీధులలో జనసమ్మర్దము పెరిగి, నగర పరిస్థితులు కూడ అనుకూలింపకపోగా, 1990ల చివర ఇది నాంపల్లి ఎగ్జిబిషను మైదానమునకు చేరినది. ఆ మైదానము మనకు క్రొత్తది కాదు. 1938లో బాగే ఆమ్ తోటలో ఆరంభమైన నుమాయిష్ 1946లో ఇక్కడికి మారినది. చలికాలమున తినుబండారములు, దుప్పట్లు అమ్ముడుపోవు ఆ ప్రాంగణమే మృగశిర నాటికి ఆరోగ్యార్థుల తిరునాళ్ళగా మారును. ప్రభుత్వ మత్స్యశాఖ చేపపిల్లలను సమకూర్చును. పోలీసులు వరుసలు నిలుపుదురు. సేవాసంఘములు అన్నము, మంచినీరు అందించును. ఆ వరుసలో హిందువు వెనుక ముస్లిము, ధనికుని ప్రక్కన కూలివాడు నిలిచియుందురు. ఊపిరికి కులమతములు లేవు గదా!

కోవిడ్ వ్యాధి కారణముగా 2020 నుండి మూడేండ్లు ఆగిన ఈ కార్యక్రమము 2023 జూన్‌లో మరల జరిగినది. దీర్ఘకాలము దీనిని నిర్వహించిన బత్తిని హరినాథ్ గౌడు ఆ యేడే ఆగస్టులో పరమపదించినారు. వారి కుటుంబము ఆ సేవను కొనసాగించినది.

మందా? ప్రసాదమా?

ఈ చరిత్రలో మనము ఆగి ఆలోచింపవలసిన ఘట్టము ఒకటి ఉన్నది. చాలకాలము దీనిని జనులు ‘చేప మందు’ అనియే పిలిచినారు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు దీనిని ప్రశ్నించినవి. ఇందులో ఏమున్నది? దీనివలన రోగము నయమగునని ఋజువు ఏది? అని న్యాయస్థానము వరకు వెళ్ళినవి. ఆ వాదముల నడుమ ‘మందు’ అను పేరు వెనుకకు పోయి, ‘చేప ప్రసాదము’ అను పేరు ముందుకు వచ్చినది.

కొందరు దీనిని మాటల మార్పు మాత్రమే అందురు. నాకట్లు తోచదు. మందు అన్నప్పుడు దానికి పరీక్ష ఉన్నది: ఎందరికి ఇచ్చిరి, ఎందరికి తగ్గినది, ఇవ్వని వారికి ఎట్లున్నది అని లెక్క చూడవలెను. ప్రసాదమునకు ఆ పరీక్ష లేదు. అది భక్తితో స్వీకరించునది. కాని పరీక్ష నుండి విడుదల పొందిన వస్తువు, పరీక్షకు నిలిచిన వస్తువు చేయు పనిని తాను చేయుదునని చెప్పరాదు. చేప ప్రసాదము ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రీయముగా ఋజువు కాలేదు. భక్తుడు ఈ మాటకు కోపింపనక్కర లేదు. ఎందుకనగా, ఈ వివేచన మన పూర్వులకు తెలియనిది కాదు.

చరకుడు చెప్పినది

చరకసంహిత సూత్రస్థానమున చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, జపము, హోమము, ఉపవాసము మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను యుక్తితో కూర్చుట యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితమైన వానినుండి నిగ్రహించుట సత్త్వావజయము. మూడును వేరువేరుగా పేర్కొనబడినవి. జపము చేయువాడు ఔషధమును విడువవలెనని ఆ ఆచార్యుడు చెప్పలేదు.

ఆ గ్రంథమే చికిత్సాస్థానమున శ్వాసరోగమును ఐదు విధములుగా విభజించినది: మహాశ్వాసము, ఊర్ధ్వశ్వాసము, ఛిన్నశ్వాసము, తమకశ్వాసము, క్షుద్రశ్వాసము. ఇందు తమకశ్వాస లక్షణములు నేటి ఉబ్బసమును చూచి వ్రాసినట్లుండును. రోగి పడుకొనిన బాధ హెచ్చును, కూర్చుండిన ఉపశమించును, వేడిమిని కోరును, మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దానిని పెంచును. మృగశిర నాటికి రోగులు కలత చెందుటకు కారణము ఆనాడే గుర్తింపబడినది!

మరి ఇది నయమగునా? క్రొత్తగా వచ్చినచో సాధ్యము కావచ్చును. ముదిరినచో యాప్యము అని చరకుని నిర్ణయము. యాప్యమనగా, పూర్తిగా పోదు, కాని సరియైన చికిత్స సాగుచున్నంత కాలము అణగియుండును. చికిత్స మానినచో మరల తలయెత్తును. నేటి వైద్యులును ఈ మాటయే చెప్పుచున్నారు. ఊపిరిగొట్టముల లోపలి పొర వాచి, వాని చుట్టును ఉన్న కండరములు బిగుసుకొనుటచే మార్గము ఇరుకగును. పీల్చెడి స్టెరాయిడ్ మందు ఆ వాపును అదుపులో నుంచును. బాధ లేని దినములలోను దానిని వాడుచుండవలెను. రెండువేల యేండ్ల నాటి మాటకును నేటి మాటకును పొత్తు కుదిరినచోట మనము చెవి యొగ్గవలదా?

స్వర్ణద్వారము లోని వైద్యులు

నాంపల్లి స్టేషను రోడ్డున ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను ఇల్లు ఉన్నది. అది సరోజినీ నాయుడు గారి గృహము. ఆ పేరు 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటిది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆరంభమైనది ఆ గృహముననే. ఆమె భర్త డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడు పాశ్చాత్య వైద్యము నభ్యసించి నిజాము కొలువున వైద్యులైనవారు. 1898లో మద్రాసున వారి వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులు గారు.

వారి కుమారుడు డాక్టరు జయసూర్య జర్మనీలో వైద్యము చదివి వచ్చి, హోమియోపతిని చేపట్టినారు. 1952లో మెదకు నుండి లోక్‌సభకు ఎన్నికైనవారు కూడ ఆయనయే. హైదరాబాదులోని ప్రభుత్వ హోమియో వైద్యకళాశాల జయసూర్య, పొట్టి శ్రీరాములు గార్ల పేర్లను ధరించినది. తండ్రిది ఒక మార్గము, కుమారునిది మరియొకటి. ఇంకొంత దూరమున, చార్మినారు ప్రక్కన, ఏడవ నిజాము కాలపు నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్నది. ఈ నగరమున రోగి ఎప్పుడును ఒక్క తలుపునే తట్టలేదు. అల్లోపతి డాక్టరు, హకీము, ఆయుర్వేద వైద్యుడు, హోమియో చక్కెరబిళ్ళ, నాంపల్లి యూసుఫైన్ దర్గా, ఇంటి దేవుని ముడుపు — అన్నిటిని ఆశ్రయించినాడు. దానిని చూచి నవ్వరాదు. యాప్యరోగము మనుష్యుని అంత అలయజేయును.

సూదుల వైద్యము వచ్చిన త్రోవ

ఆక్యుపంక్చరు మన దేశమునకు వచ్చిన కథలో కూడ సేవాభావమే మూలము. 1938లో, జపాను దండయాత్రతో నలిగిన చైనాకు మన జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపినది. వారిలో షోలాపురమునకు చెందిన డాక్టరు కోట్నీస్ 1942లో అక్కడనే అసువులు బాసినారు. సహచరుడైన డాక్టరు బిజయ్ కుమార్ బసు 1950ల చివర మరల చైనాకేగి, ఆక్యుపంక్చరు నేర్చి, కలకత్తాలో ఆరంభించినారు. అట్లు ఆ విద్య మన దేశమున వేరూనినది. 2003లో భారతప్రభుత్వము దీనిని ఒక చికిత్సారీతిగా గుర్తించినది.

దీని ఫలితమేమి? నడుమునొప్పి, మోకాళ్ళనొప్పి, పార్శ్వపు తలనొప్పి వంటి దీర్ఘకాలపు బాధలకు కొంత ఉపశమనము కలుగునని పరీక్షలు చూపుచున్నవి. ఉబ్బసమునకు ఉపయోగించునని చెప్పుటకు తగిన ఋజువు లేదు. నొప్పికి సూది వేయించుకొనుట వేరు, ఆడని ఊపిరికి సూదిని నమ్ముకొనుట వేరు.

పరీక్షకు వెరవని విద్య

ప్రాచీనమైన దెల్ల వ్యర్థమని కాదు. మన పెరటి కంచెలలో పెరుగు అడ్డసరము నందలి వాసిసిన్ అను పదార్థము ఆధారముగానే బ్రోమ్‌హెక్సిన్ అను కఫహరమైన మందు తయారైనది. చైనా వారి మాహువాంగ్ మూలిక నుండి వచ్చిన ఎఫిడ్రిన్ 1920లలో ఉబ్బసపు మందుగా ప్రపంచమంతట ప్రాకినది. మూలిక పరీక్షకు నిలిచినది, లోకమునకు మందైనది.

క్రొత్తదియు తప్పు చేయును. 1888, 1889లలో ఆరవ నిజాము ధనసహాయముతో ఈ హైదరాబాదులోనే డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున క్లోరోఫారమ్ మత్తుమందుపై రెండు కమిషన్లు జరిగినవి. అది గుండెను నేరుగా ఆపదని, శ్వాసను కనిపెట్టియున్న చాలునని నిర్ణయించినవి. 1911 నాటికి గుడ్‌మన్ లెవీ పరిశోధన ఆ నిర్ణయము పొరపాటని చూపినది. మహావైద్యుల మాట కూడ పరీక్ష ముందు తల వంచినది. విద్యకు గౌరవము అందువలననే కలిగినది.

మా యింటి ముచ్చట

మా మేనత్తగారు ఉబ్బసముతో బాధపడుచు ఒక మృగశిరకు మా యింటికి వచ్చినారు. వరుసలో నిలిచి ప్రసాదము స్వీకరించి, ఎంతో తృప్తితో, “ఇక ఈ బిళ్ళలు, పీల్చెడి మందు నాకెందుకురా, నాయనా!” అని అన్నిటిని పెట్టెలో పెట్టివేసినారు. మేమును అడ్డు చెప్పలేదు. పథ్యము మాత్రము నిష్ఠగా చేసినారు. మూడవ వారమున, వాన కురియుచున్న నడిరేయి, పెదవులు నీలిరంగు తిరిగి మాట పడిపోయినది. ఆటోలో ఆసుపత్రికి కొనిపోయినాము. ప్రాణవాయువు పెట్టి, సూదిమందు లిచ్చి, తెల్లవారుసరికి ఆమెను మాకు దక్కించినారు.

ఆ యువ వైద్యురాలు మమ్ము కోపింపలేదు. “అమ్మా, ప్రసాదము తీసికొనండి. మందు మాత్రము మానకండి” అని చెప్పినది. మరుసటి యేడు అత్తయ్యగారు మరల మైదానమునకు వచ్చినారు. ఈ సారి చేతిసంచిలో పీల్చెడి మందు కూడ ఉన్నది. వరుసలో ప్రక్కన నిలిచిన వారికి దానిని చూపి, తన కథ చెప్పినారు. ఆమె భక్తి తగ్గలేదు, భయము తగ్గినది. ఆ రాత్రి తప్పు ప్రసాదముది కాదు. అడ్డు చెప్పక ఊరకున్న మాది.

మన కర్తవ్యము

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2019లో 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసమున్నది. ఆ సంవత్సరము 4 లక్షల 55 వేల మంది దానివలన మరణించినారు. సరియైన మందు సకాలమున అందిన యెడల వీరిలో అధికులు బ్రతుకదగినవారే.

కావున భక్తులారా, మూడు మనవులు. ఏ క్రొత్త చికిత్స నాశ్రయించినను, ఉన్న మందును వైద్యుని అడుగక మానవలదు. మాట్లాడలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలమైనను, ఇంటి వైద్యముతో కాలము గడుపక ఆసుపత్రికి పరుగిడుడు. ఏడ్చుచున్న పసిబిడ్డ గొంతులో బలవంతముగా ఏ వస్తువును వేయవలదు. అది ఊపిరిగొట్టమున అడ్డుపడవచ్చును.

చరకుడు వైద్యులను రెండు తెగలుగా చెప్పినాడు: ప్రాణమును నిలుపువారు ఒకరు, రోగమును తెచ్చి ప్రాణమును తీయువారు మరియొకరు. ఇంటిలో రోగిని చూచుకొను మనమును ఈ రెండింటిలో ఏదో ఒక తెగకు చెందుదుము. మన దేవునికి దండము పెట్టు చేతితోనే మందును కూడ అందింతము. ఆ చేయి దైవమునకు ప్రియమైన చేయి.

స్వస్తి.