ఆడకుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా దాని అండాశయాలను, సాధారణంగా గర్భాశయాన్ని కూడా తొలగించే ప్రక్రియను సంతాన నిరోధక శస్త్రచికిత్స అంటారు. ఆంగ్లంలో దీనిని స్పేయింగ్ అంటారు. పెంపుడు కుక్కలకు ఎక్కువగా జరిగే శస్త్రచికిత్సలలో ఇది ఒకటి. తరచుగా జరిగేదే అయినా ఇది పూర్తి మత్తులో పొట్ట తెరిచి చేసే పెద్ద ఆపరేషను. శస్త్రచికిత్స పశువైద్యుని చేతిలో ఉండగా, దానికి ముందు ఉపవాసం, తరువాత పది పద్నాలుగు రోజుల సంరక్షణ యజమాని బాధ్యత. ఫలితం ఈ రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది.

ప్రయోజనాలు, పరిమితులు

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి ఒకటి లేదా రెండుసార్లు ఎదకు వస్తుంది. అక్కరలేని పిల్లలు పుట్టకుండా నివారించడం ఈ శస్త్రచికిత్స మొదటి ప్రయోజనం. రెండవది పయోమెట్రా అనే వ్యాధి నుండి రక్షణ. ఈ వ్యాధిలో ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భాశయంలో చీము చేరుతుంది. ఇది వయసు మీరిన కుక్కలలో ఎక్కువ. గర్భాశయ ద్వారం మూసుకుని ఉంటే చీము బయటికి కనబడదు. అతిగా నీళ్ళు త్రాగడం, తిండి మానడం, వాంతులు దీని లక్షణాలు. అప్పుడు ఇదే శస్త్రచికిత్సను జబ్బుపడిన శరీరం మీద అత్యవసరంగా చేయవలసి వస్తుంది.

శస్త్రచికిత్స తరువాత కుక్కలు త్వరగా బరువు పెరుగుతాయి. కొన్నింటికి పెద్దయ్యాక మూత్రం అదుపు తప్పవచ్చు.

అనువైన సమయం

చిన్న జాతులకు ఆరు నెలల వయసు నుండి చేస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులకు ఎముకలు ఎదిగేవరకు, అనగా ఏడాది దాటేవరకు ఆగమని చాలామంది వైద్యులు సూచిస్తారు. ఎదలో ఉన్నప్పుడు గర్భాశయ రక్తనాళాలు ఉబ్బి రక్తస్రావం ఎక్కువవుతుంది. అందువలన ఎద ముగిసిన తరువాత రెండు మూడు నెలలు ఆగుతారు.

ముందస్తు పరీక్షలు

* రక్త పరీక్ష: రక్తహీనత, కాలేయం, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చేస్తారు.
* పిడుదుల జ్వరం: పిడుదుల (గోమార్ల) ద్వారా వ్యాపించే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. పైకి హుషారుగా ఉన్న కుక్కలో కూడా ఇది దాగి ఉండి, ఆపరేషనులో రక్తం గడ్డకట్టకుండా చేయవచ్చు. పిడుదులు పట్టిన కుక్కలకు ప్లేట్‌లెట్ల లెక్క తప్పక చూడాలి.
* జాతి: పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు శ్వాసమార్గం ఇరుకు. మత్తు నుండి తేరుకునే సమయంలో వీటికి ప్రత్యేక పర్యవేక్షణ అవసరం.
* స్నానం: కుట్లు విప్పేవరకు స్నానం కుదరదు కనుక ఒకటి రెండు రోజుల ముందే చేయించాలి.

ఉపవాసం

మత్తులో ఉన్న జంతువుకు మింగే శక్తి, దగ్గే శక్తి ఉండవు. కడుపులోని ఆహారం పైకి వస్తే ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాంతకమైన న్యుమోనియా కలుగవచ్చు. అందుకే పెద్ద కుక్కలకు ఆపరేషనుకు ఆరు నుండి పన్నెండు గంటల ముందే ఆహారం ఆపమంటారు. నీళ్ళు సాధారణంగా ఆ ఉదయం వరకు ఇవ్వవచ్చు. వేసవిలో రాత్రంతా నీళ్ళు మాన్పించడం హానికరం. చిన్న కూనలలో రక్తంలోని చక్కెర త్వరగా పడిపోతుంది కనుక వాటికి ఉపవాసం తక్కువ సేపే ఉండాలి.

ఇంట్లో ఎవరైనా జాలిపడి బిస్కెట్టో పెరుగన్నమో పెట్టి ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. ఆపరేషను వాయిదా వేసినా నష్టం లేదు, దాచితే ప్రమాదం.

మత్తు వలన ప్రమాదం

బ్రిటన్‌లో 98,000కు పైగా కుక్కలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మత్తుకు సంబంధించిన మరణాలు మొత్తం మీద సుమారు 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుక్కలలో ఇది 0.05 శాతం కాగా, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. మరణాలలో దాదాపు సగం ఆపరేషను ముగిసిన తరువాతే, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటలలోనే సంభవించాయి. కనుక కుక్క పూర్తిగా తేరుకుని తల నిలిపేవరకు వైద్యుల కనుసన్నలలో ఉంచడం అవసరం.

ఇంటికి వచ్చిన తరువాత

మొదటి రాత్రి కుక్క తూలడం, మూలగడం సహజం. గాలి సూటిగా తగలని చోట నేలమీద పొడిగుడ్డ పరచి పడుకోబెట్టాలి. మంచం, మెట్లు ఎక్కనివ్వకూడదు. నీళ్ళు కొద్దికొద్దిగా ఇచ్చి, వాంతి కాకపోతే మామూలు భోజనంలో సగం పెట్టాలి. మెత్తని అన్నం, ఉడికించిన కోడిమాంసం అనువైనవి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషతుల్యం కనుక కలపరాదు.

గాయాన్ని నాకడం వలన కుట్లు ఊడిపోతాయి. దీనిని నివారించడానికి మెడకు గరాటు ఆకారపు పట్టీ కడతారు. 16వ శతాబ్దపు ఇంగ్లండులో ధరించిన మెడపట్టీలను పోలి ఉండుట వలన దీనికి ఎలిజబెత్ కాలర్ అని పేరు వచ్చింది. కుక్క విసుగుపడినా కుట్లు విప్పేవరకు దీనిని తీయకూడదు. అన్ని రోజులూ పరుగులు, గెంతులు మాన్పించి, గొలుసుతోనే బయటికి తిప్పాలి. గాయాన్ని రోజూ చూడాలి. పసుపు, నూనె, బూడిద వంటివి పూయరాదు. ఈగలు వాలితే గాయంలో పురుగులు పడతాయి కనుక కుక్కను ఇంటిలోపలే ఉంచడం మంచిది.

మందులు

నొప్పికి కుక్కలకు మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్ వంటివి వైద్యుడు బరువును బట్టి నిర్ణయిస్తాడు. మనుషులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం కలిగిస్తాయి. పారాసెటమాల్ సొంతంగా ఇవ్వరాదు. పిల్లులకైతే ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

ప్రమాద సూచనలు

ఈ క్రింది లక్షణాలలో ఏది కనబడినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

* చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, లేవలేకపోవడం (లోపలి రక్తస్రావానికి సూచన)
* గాయం నుండి రక్తం ఆగకుండా కారడం, చీము, దుర్వాసన
* కుట్లు విడిపోవడం, లోపలి భాగాలు కనబడడం. అప్పుడు శుభ్రమైన తడిగుడ్డ కప్పి వెంటనే తరలించాలి.
* మరునాటికి కూడా ఏమీ తినకపోవడం, మాటిమాటికీ వాంతులు
* 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం (కుక్కల సాధారణ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీలు)

వీధికుక్కలు

భారతదేశంలో వీధికుక్కల సంతాన నియంత్రణకు 2001లో నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వీధికుక్కల ఆపరేషన్ల బాధ్యత స్థానిక సంస్థలది, పెంపుడు కుక్కల విషయంలో బాధ్యత యజమానులది. ఆపరేషను అయిన వీధికుక్కను గుర్తించడానికి చెవి కొసను కొద్దిగా కత్తిరిస్తారు.

ఇవి కూడా చూడండి

* పశువైద్య శాస్త్రం
* కుక్క
* రేబీస్