రాయలసీమ గ్రీష్మమున నిలిచిన కార్లు

మంచు కురియు దేశములలో, హేమంతము సమీపించునప్పటికి, అరుదుగా నడుపు మోటారు కార్లను కొట్టములలో నిలిపి, వాని బ్యాటరీలను విప్పి ఇంటిలోనికి చేర్చి, వసంతము వచ్చువరకును వానికి మందగతిని విద్యుత్తును అందించుచుండుట తరతరములుగా సాగుచున్న ఆచారము. కర్నూలునకు అట్టి బెడద లేదు. ఇచట పుష్యమాసపు రాత్రులయందు సైతము ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు మిక్కిలి దిగువకు పోవుట అరుదు; అదే వైశాఖ జ్యేష్ఠములలో నలువది డిగ్రీలు దాటు మధ్యాహ్నములు పెక్కు. అయినను, నిలిచిన బండి బ్యాటరీని చావనీయక కాపాడుకొను విద్య యొకటి ఈ సీమలో కూడ పుట్టి పెరిగినది. అది శీతమును గాక ఎండను ఎదిరించి పెరిగిన విద్య. కోటలకును, కాలువలకును, కరవులకును మన ప్రాంత చరిత్రలలో దొరకిన చోటు ఈ చిన్న వృత్తికి కూడ దొరకవలసియున్నదని నా దృఢవిశ్వాసము.

1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున ముంచి, విద్యుత్తును నిలువచేసి మరల గ్రహింపదగిన ఘటమును నిర్మించెను. 1881లో కమిల్ ఫోర్ ఆ రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి దాని శక్తిని పెంచెను. ఐనను మోటారు కారునకు ఈ ఘటము ప్రాణమైనది మాత్రము 1912లో, చార్లెస్ కెటరింగు రూపొందించిన సెల్ఫు స్టార్టరుతో కాడిలాక్ కార్లు వెలువడిన పిమ్మటనే. అంతకు పూర్వము హ్యాండిలు త్రిప్పి యంత్రమును మేల్కొలుపవలసియుండెను. అది ఎదురుతన్నినచో మణికట్టు విరుగుటయు కలదు. సెల్ఫు వచ్చినది మొదలు ఆ శ్రమ తప్పినది గాని, బండి కదలవలెనన్న సీసపు పెట్టె నిండుగా నుండవలెనను క్రొత్త పరాధీనత కూడ దానితోనే వచ్చినది.

ఈ పెట్టెకు నిలుకడయే వ్యాధి. ఎవ్వరును తాకకున్నను అది లోలోపల తరిగిపోవుచుండును; తరిగిన కొలది పలకలపై సీసపు సల్ఫేటు పేరుకొని, కొన్ని వారములు గడచునప్పటికి గట్టిపడి, పిదప ఎంత విద్యుత్తును పంపినను కరగకుండును. శీతదేశములందు యంత్రపు నూనె చిక్కబడి, ఆమ్లపు చురుకు తగ్గి, సెల్ఫు తిరుగుట కష్టమగును. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలోని ద్రవము సున్నకు దిగువ పది డిగ్రీల సమీపముననే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. నిండుగా నున్న బ్యాటరీ అరువది డిగ్రీల దిగువ వరకును గడ్డకట్టదు. కనుకనే అచటివారు దానిని నింపియుంచుటకు అంత ఆరాటపడుదురు. అయితే చలి ఒక మేలు కూడ చేయును: లోలోపలి తరుగుదలను మందగింపజేయును. ఉష్ణము పది డిగ్రీలు పెరిగిన కొలది ఆ తరుగుదల ఇంచుమించు రెట్టింపగును గావున, ఇరువది డిగ్రీల గదిలో నిలిచిన బ్యాటరీ కన్న నలువది డిగ్రీల కర్నూలు కొట్టములో నిలిచిన బ్యాటరీ నాలుగింతల వేగమున క్షీణించును. చలి బ్యాటరీ దౌర్బల్యమును బయటపెట్టును; ఎండ ఆ దౌర్బల్యమును పుట్టించును. రాయలసీమలో కారు నిలిపిన కాలము శిశిరమైనను గ్రీష్మమైనను, దాని బ్యాటరీకి నిజమైన గండము గ్రీష్మమే.

కార్లు నడువక నిలిచిపోయిన మొదటి పెద్ద సందర్భము రెండవ ప్రపంచ యుద్ధము. 1941లో మన దేశమున పెట్రోలునకు రేషను వచ్చినది. బస్సులు వెనుకభాగమున బొగ్గుపొయ్యి తగిలించుకొని, బొగ్గుగ్యాసుతో ఎత్తుదారులను ఎక్కలేక ఆయాసపడుచు నడచినవి. బ్రిటనులో 1942 జూలై నాటికి సొంతకార్లకు ఇచ్చు సాధారణ రేషనే రద్దై, లక్షలకొలది బండ్లు ఇటుకలపైకి ఎక్కినవి. మన వకీళ్లు, వైద్యులు, భూస్వాములు, దూది వ్యాపారులు కొనుక్కొన్న కొద్దిపాటి కార్లకును అదే దురవస్థ. పెట్రోలు లేక బండి నిలిచినచో డైనమో తిరుగదు. డైనమో తిరుగనిచో బ్యాటరీ నిండదు. నిండని బ్యాటరీ ఒక వేసవిని దాటదు. క్రొత్తదానిని కొందమన్నను సీసమంతయు యుద్ధపు పనులకే పోవుచున్న కాలమది.

యుద్ధానంతరము కర్నూలు జాతకము ఒక్కసారి మారినది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో కుదుర్చుకొన్న శ్రీబాగు ఒడంబడిక బలమున, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు ఈ పట్టణము రాజధాని ఐనది. కట్టడములు చాలక ప్రభుత్వ కార్యాలయములు గుడారములలో నడచినవని పెద్దలు చెప్పుకొందురు గదా. మంత్రుల వెంట, కార్యదర్శుల వెంట, పనులకై వచ్చు జనము వెంట మోటారు బండ్లును ఈ పట్టణమునకు చేరినవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలినది. ఆ మూడేండ్ల వైభవమును గూర్చి ఎన్నియో వ్యాసములు వెలువడినవి గాని, బండి వచ్చిన చోటికి బండి పనివాడును రావలయునను సామాన్య సత్యమును వానిలో పేర్కొనినవారు తక్కువ.

ఛార్జింగు దుకాణము ఆ పనివానిది. సంతవీథిలోనో, బస్టాండు ప్రక్కనో ఒక ఇరుకు గది, గోడవెంట కొయ్యబల్ల, దానిపై వరుసగా నల్లని పెట్టెలు, ఒకదాని ధనధ్రువమునుండి వేరొకదాని ఋణధ్రువమునకు దండకూర్చినట్లు సాగిన తీగలు. పది పన్నెండు బ్యాటరీలను ఒకే వరుసలో కలిపి, ఒకే ప్రవాహమును అన్నింటి గుండను పంపుట అచటి పద్ధతి. ఆ ప్రవాహము బ్యాటరీ శక్తిలో పదియవ వంతునకు మించరాదు: అరువది ఆంపియర్-గంటల బ్యాటరీకి ఆరు ఆంపియర్లు, అదియు పది పన్నెండు గంటలు. గంటలో నింపి పంపుమని తొందరపెట్టు గిరాకీని సముదాయించి, రేపు రమ్మని చెప్పగలుగుటలోనే ఆ వృత్తి ధర్మమంతయు ఇమిడియున్నది. వేగముగా నింపినచో పలకలు వేడెక్కి వంగి, పూత రాలిపోవును. మూతలు విప్పిన బ్యాటరీలనుండి హైడ్రోజను బుడగలు లేచుచుండునప్పుడు ఆ గదిలో బీడీ ముట్టించుట ప్రాణాపాయము. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. క్లిప్పులు ఊడదీయుటకు ముందు విద్యుత్తును ఆపవలెను. ఈ మూడు నియమములను పుస్తకము చదువక, గురువు చేతి దెబ్బలతో నేర్చుకొన్న బాలురు పిదప దుకాణదారులైరి. వారి చొక్కాలపై ఆమ్లము కొరికిన చిల్లులే వారి పట్టములు.

ఈ దుకాణమునకు కార్లొక్కటే ఆధారము కాలేదు. పల్లెలకు విద్యుత్తు రాని ఆ దశాబ్దములలో పంచాయతీ రేడియో బ్యాటరీతోనే పలికెడిది. ఎన్నికల జీపుపై మైకును, పెండ్లి ఊరేగింపులో పాటలపెట్టెయు బ్యాటరీతోనే మ్రోగెడివి. ఎద్దులబండిపై బ్యాటరీని కట్టి, పది పదిహేను మైళ్లు నడపించుకొని పట్టణమునకు తెచ్చి, నింపించుకొని పోయినవారు ఈ సీమలో పెక్కురు. నిలిచిన కారుగల ఆసామి కూడ నెలకొకమారు బ్యాటరీని విప్పి ఈ దుకాణమునకే పంపెడివాడు.

ఇచటి వృత్తిలో అన్నింటికన్న విలువైనది నీటిని గూర్చిన జ్ఞానమని నాకు తోచును. ఛార్జి ఎక్కునప్పుడు నీరు వాయువులై ఎగిరిపోవును, ఎండకు కొంత ఆవిరియగును. ఆమ్లము మాత్రము లోననే మిగులును. కావున లోటును నీటితోనే పూరింపవలెను గాని ఆమ్లముతో కాదు. ఆ నీరెట్టిది? కర్నూలు కడప మండలములలో ఉప్పునీళ్ల బావులు పెక్కు. ఆ నీటిలోని క్లోరైడులును, ఇనుమును పలకలను తినివేయును. త్రాగుటకే మంచినీటికి మైళ్లు నడచిన సీమలో, బ్యాటరీకి స్వేదనజలమునే పోయవలెనని పట్టుబట్టుట సామాన్యమైన నిష్ఠ కాదు. మట్టి తాకనీయక గాజుపాత్రలలో పట్టిన వాననీటిని వాడుకొన్నవారును లేకపోలేదు. గత్యంతరము లేనిచోట బావినీటి కన్న అది ఎన్నియో రెట్లు మేలు. హైడ్రోమీటరు గాజుగొట్టములో ద్రవమును పీల్చి, తేలుడుబిళ్ల ఎంత పైకి లేచినదో చూచి బ్యాటరీ ఆరోగ్యమును చెప్పెడివారు: చలిదేశములందు నిండు బ్యాటరీకి 1.280 గుర్తు, ఉష్ణదేశములందు ఆమ్లమును పలుచబరచి 1.240 సమీపముననే నింపుదురు, ఏలనన ఎండలో చిక్కని ఆమ్లము పలకలను త్వరగా కొరికివేయును.

బ్యాటరీని సిమెంటు నేలపై పెట్టరాదు, కొయ్యపలకపైననే పెట్టవలెనను పట్టుదల కూడ ఆ దుకాణములలో కనబడును. నేటి ప్లాస్టిక్కు పెట్టెల విషయమున ఈ నమ్మకమునకు ఆధారము లేదు. కొయ్యపెట్టెల కాలమున, తడిసిన కొయ్యగుండ విద్యుత్తు నేలకు జారుట నిజమే గావున, అది అజ్ఞానము కాదు. కాలము మారినను నిలిచిన జాగ్రత్త.

అంబాసిడరు కారుతో పాటు హ్యాండిలు కూడ వచ్చెడిది. సెల్ఫు పట్టని ఉదయమున అది ఆదుకొనెడిది, లేనిచో నలుగురు తోసి స్టార్టు చేసెడివారు. కారు నిలుపునప్పుడు ఋణధ్రువపు తీగను విప్పుట, టెర్మినళ్లపై చిలుమును వేడినీటితో కడిగి వ్యాసలైను పూయుట, వారమునకొకమారు బండిని అరగంట సేపు రోడ్డుపై త్రిప్పుట – వేసవిని దాటించు ఉపాయములు ఇంతే. ఇంటిముందు ఐదు నిమిషములు ఇంజనును మ్రోగించి ఆపుట వలన ప్రయోజనము లేదు. ఆ డైనమో మందగతిలో ఏమియు ఇయ్యలేకపోయెడిది.

సీసమునకు మన నేల పరాయిది కాదు. కడప మండలమున జంగంరాజుపల్లె ప్రాంతపు రాళ్లలో సీస ఖనిజమున్నది. పూర్వులు త్రవ్విన గోతుల ఆనవాళ్లను భూగర్భశాస్త్రజ్ఞులు అచట గుర్తించిరి. అంతకన్న విశేషము, ఈ సీమ స్వయముగా బ్యాటరీల పుట్టినిల్లగుట. 1985లో గల్లా రామచంద్ర నాయుడు అమరరాజా సంస్థను స్థాపించిరి. తిరుపతి చేరువనున్న కరకంబాడిలో దాని కర్మాగారములు వెలసినవి. అమరాన్ అను పేరుతో కారు బ్యాటరీలు దేశమంతట వ్యాపించినవి. నీరు పోయనక్కరలేని ఈ తరము బ్యాటరీలలో పలకల సీసమునకు యాంటిమనీ బదులు కాల్షియమును కలుపుదురు. అందువలన లోలోపలి తరుగుదల ఎంతో తగ్గినది. ఛార్జింగు దుకాణములు సన్నగిల్లుటకు ఇదియు ఒక కారణము.

అట్లని నిలిచిన కారు సమస్య తీరలేదు. పూర్వపు కారు నిలిచినప్పుడు దానిలో ఏదియు మేల్కొనియుండెడిది కాదు. నేటి కారులో గడియారము, దొంగల హెచ్చరిక, కంప్యూటరు జ్ఞాపకము రేయింబవళ్లు కొద్దికొద్దిగా విద్యుత్తును త్రాగుచుండును. ముప్పది మిల్లీఆంపియర్ల చొప్పున లెక్కించినను నెలకు ఇరువది ఒక్క ఆంపియర్-గంటలకు పైబడును; చిన్నకారులోని ముప్పదియైదు ఆంపియర్-గంటల బ్యాటరీకి అది సగము కన్న ఎక్కువ. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, కర్నూలులో వీథులకు వీథులే కట్టడి ప్రాంతములై, చైత్ర వైశాఖముల ఎండలో కార్లు కదలక నిలిచినప్పుడు, ఈ లెక్క ఎంత నిజమో ఇంటింట తెలిసినది.

అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా వంటి మంచు రాష్ట్రములలో స్థిరపడిన మన సీమవారు సంక్రాంతికి ఇంటికి వచ్చునప్పుడు, కొట్టములో నిలిపిన కారుకు చిన్న ఛార్జరును తగిలించి వత్తురు. బ్యాటరీ నిండగానే ప్రవాహమును తగ్గించి, తరిగినంత మాత్రమే అందించు సాధనమది. కర్నూలు దుకాణదారుడు నెమ్మదిగా నింపుమని చెప్పిన మాటయే ఆ యంత్రములో నిమిడియున్నది.

ఈ వృత్తికి ఒక చీకటి పార్శ్వము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పాత బ్యాటరీలను ఇండ్ల నడుమ పగులగొట్టి సీసమును కరగించు చోట, ఆ పొగయు ధూళియు పసివారి మెదడును శాశ్వతముగా దెబ్బతీయును. 2001లో ఒకమారు, 2022లో మరల కేంద్రప్రభుత్వము దీనిపై నియమములు చేసినది. చదువరులారా, మీ పాత బ్యాటరీని తుక్కువానికి వేయక, క్రొత్తది కొన్న దుకాణమునకే తిరిగి ఇచ్చివేయుడు. నంద్యాలలోనో, ప్రొద్దుటూరులోనో, కర్నూలు పాతబస్తీలోనో నేటికిని బల్లపై బ్యాటరీలను వరుసకట్టి కూర్చున్న వృద్ధుడెవరైన మీకు కనబడినచో, కొంతసేపు అచట కూర్చుండి, అతడు ఎవరి కడ పని నేర్చెనో, నీటిని ఎచటనుండి తెచ్చెడివాడో, వేసవిలో నిలిచిన బండ్లను ఎట్లు కాపాడెనో అడిగి వ్రాసికొనుడు.